పటంలో అమ్మ వాగు

మా ఇంటి వెనక కిటికీ తెరిస్తే హంద్రీ కనిపిస్తుంది. అందుకే దాన్ని తెరిచేవాళ్ళం కాదు. పెళ్ళయి కర్నూలుకు వచ్చిన కొత్తలో ఆ కిటికీ దగ్గరే కూర్చుని తల దువ్వుకునేదాన్నని అమ్మ చెప్పేది గానీ, నాకు ఊహ తెలిసేసరికే దాని రెక్కలకు మేకులు కొట్టేసి ఉన్నాయి. ఊరి మురికంతా ఏటి దారి పట్టింది. వానాకాలంలో నాలుగు రోజులు నది నదిలాగా ఉండేది. మిగతా ఏడాదంతా అందులో పారేది మా అందరి ఇళ్ళ మోరీ నీళ్ళే.

ఆ కంపుతో ఉన్నంత పగ అమ్మకు ఇంకెవరితోనూ ఉండేది కాదు. సాయంత్రం గాలి తిరగ్గానే కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని రొట్టెలు కాల్చేది. నాయనతో మాట పట్టింపు వచ్చినా చివరికి తిట్లన్నీ హంద్రీకే పడేవి. నాయనకు పాతబస్తీలో కిరాణా అంగడి ఉండేది. ఇల్లు మారదామని ఆమె అడగడం, అంగడికి దగ్గర్లో ఇంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుందని ఆయన అనడం మా ఇంట్లో రోజూ ఉండేదే. ఇద్దరిలో ఎవరిది న్యాయమో నేను ఎన్నడూ తీర్పు చెప్పలేదు. చెప్పినా వినే రకాలు కాదు ఇద్దరూ.

అమ్మది మైదుకూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. ఊరి పక్కన ఒక వాగు. దాని పేరు రాస్తే ఊరు ఏదో తెలిసిపోతుంది కాబట్టి రాయను. చిన్నప్పుడు ఒకటి రెండు సార్లు చూశాను. వేసవిలో తెల్లని ఇసుక, ఆ ఇసుకలో చెలమలు. ఎండిన ఏట్లో చేతులతో గుంట తోడితే అడుగున నీళ్ళు ఊరుతాయి. మొదట బురదగా వచ్చినవి తోడి పారేస్తే తర్వాత తేటగా వస్తాయి. కొబ్బరిచిప్పతో నిదానంగా ముంచి బిందెలో పోసుకోవాలి, తొందరపడితే నీళ్ళు కలకబారిపోతాయి. ఒక్కో ఇంటికి ఒక్కో చెలమ ఉండేదట. దాహమని పరాయివాళ్ళు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళే ముంచి దోసిట్లో పోస్తారు గానీ, వచ్చినవాళ్ళు అందులో చెయ్యి పెట్టకూడదు. ఈ సంగతులన్నీ అమ్మ చెప్పిందే చెప్పేది. మళ్ళీ మొదలుపెట్టావా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు చూడండి, ఎవరూ అడగకుండానే నేను మీకు చెప్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరింది రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు. కర్నూలులో ఒక అద్దె మేడ మీద నడిచే చిన్న ఆఫీసు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏ నది, ఏ వాగు, ఏ చెరువు ఎంత చెడిపోయిందో కంప్యూటర్లో పటం గీసి ఇచ్చే పని మా వాళ్ళకు దొరికింది. దాన్ని జీఐఎస్ అంటారు. పేరు విని అందరూ ఏదో అనుకునేవారు గానీ నేను చేసేది చాలా మటుకు గీతలు గీయడమే. పాత సర్వే పటాన్ని స్కాన్ చేసి, భూమ్మీద దాని చోటు ఎక్కడో అక్కడ సరిగ్గా కూర్చోబెట్టి, అందులోని నీలం గీత వెంట మౌసుతో పాకాలి. ప్రతి వంపుకూ ఒక నొక్కు. మా ఫీల్డు మనిషి చేతిలో జీపీఎస్ పట్టుకుని ఊళ్ళు తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చేవాడు. ఆయన నీళ్ళు పట్టిన ప్రతి చోటా పటంలో ఒక చుక్క పెట్టేదాన్ని. ల్యాబు వాళ్ళు పంపిన అంకెలు ఆ చుక్కకు తగిలిస్తే రంగు దానంతటదే వచ్చేది. నీళ్ళు బాగుంటే ఆకుపచ్చ, చెడితే పసుపు, మరీ చెడితే ఎరుపు.

కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని అరిచేది. సేవ్ చేసేలోపు అదీ ఆగిపోతే మధ్యాహ్నమంతా గీసిన ఏరు మాయమయ్యేది. కరెంటు వాళ్ళను, యూపీఎస్‌ను, నన్ను, వరసగా అందరినీ తిట్టుకుని మళ్ళీ మొదటి నుంచి గీసేదాన్ని.

నదులకు రంగులేసే పని చేస్తాంది మా పాప అని అమ్మ పక్కింటివాళ్ళతో చెప్పేది. అది గొప్పో వేళాకోళమో తెలిసేది కాదు. హంద్రీకి ఏం రంగు వేశావని ఒకసారి అడిగింది. ఎరుపు అన్నాను. ఆ ముక్క చెప్పడానికి కంప్యూటర్ ఎందుకు, నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా అంది. నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా పని మీద జోకులు వేసే హక్కు నాకొక్కదానికే ఉందని అప్పట్లో నా నమ్మకం.

ఆ ఏడే అమ్మకు కడుపులో గడ్డ ఉందని తేలింది. డాక్టరు నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. నాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అమ్మను ఎవరూ పిలవలేదు, ఆమెకు ముందే తెలుసు.

మంచం వెనక గదిలోనే వేయాల్సి వచ్చింది. ముందు గది నిండా అంగడి సరుకు. అన్నం వాసన పడేది కాదు, మందుల వాసన పడేది కాదు. అన్నిటికన్నా హంద్రీ వాసన అస్సలు పడేది కాదు. మేకులు కొట్టిన కిటికీ సందుల్లో పాత బట్టలు కుక్కాం. ఊదువత్తులు వెలిగిస్తే ఆ పొగకు దగ్గు. గాలి ఇటు తిరిగిన సాయంత్రాల్లో వాంతులు. గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డప్పుడు, ఈ ఊరి మీద, ఈ ఏటి మీద, అందులోకి మోరీలు తిప్పిన తరాల మీద నాకు వచ్చినంత కోపం మరెప్పుడూ రాలేదు. ఆ మోరీల్లో మాదీ ఒకటి. ఆ గిన్నె కడిగిన నీళ్ళు కూడా పోయేది అక్కడికే.

ఒకరోజు ఆఫీసులో పటం ప్రింటు తీస్తుంటే కాగితం మడతపడింది. పనికిరాదని పడేయబోతుంటే ఆపి, చుట్టి ఇంటికి తెచ్చాను. అమ్మకు కాస్త పొద్దుపోతుందని మంచం మీద పరిచాను. ఆమె తలగడకు ఆనుకుని కూర్చుని మొదట కర్నూలు అడిగింది, తర్వాత శ్రీశైలం అడిగింది, తర్వాత, అడగకుండా ఉంటే బాగుండదన్నట్టు, మా వాగు ఇందులో ఉందా అంది.

ఉంది. వెంట్రుకంత గీత. దాని మీద ఒక చుక్క, ఆకుపచ్చ. చుట్టుపక్కల వాగులన్నీ ఎరుపు, పసుపు. ఆ దాపున ఆకుపచ్చ అదొక్కటే. ఆకుపచ్చంటే నీళ్ళు బాగున్నట్టు అని చెప్పాను. అమ్మ చుక్క మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. ఎన్నాళ్ళుగానో చూడని నవ్వు ఆమె మొహంలోకి వచ్చింది. "నేను చెప్తే నమ్మినారా మీరు?" అంది. అది రేవు దగ్గరే అయివుంటుందని, ఆ పైన వంక కలుస్తుందని, మా అమ్మమ్మ చెలమ ఎక్కడ ఉండేదో, పండగ ముందు ఇత్తడి బిందెలు ఇసుకతో ఎలా తోమేవాళ్ళో, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఆ రోజు నేను విసుక్కోలేదు.

అమ్మ పుట్టింటికి పోయి చాలా ఏళ్ళయింది. మామ పోయాక రాకపోకలు తగ్గిపోయాయి. ఆ ఇంట్లో మిగిలింది మా అత్త ఒక్కతే. ఆమెకు ఫోను లేదు. ఊరికి పోయి చూసొచ్చినవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఉన్నది నా చుక్కే. దాన్ని కూడా నేను గుడ్డిగా నమ్మలేదు. మర్నాడు ఆఫీసులో ఉపగ్రహం తీసిన చిత్రం తెరిచి చూశాను. వేసవి చిత్రాల్లో మా సీమ ఏర్లన్నీ తెల్లగా ఉంటాయి, ఇసుక కాబట్టి. అమ్మ వాగు ఇంకా తెల్లగా ఉంది. మంచి ఇసుక అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత నాయన అంగడి కట్టేసి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ సూటిగా ఆయన మొహంలోకి చూసి చెప్పింది.

"నన్ను హంద్రీలో కలపొద్దు. మా వాగులో కలుపు. ఇన్నేండ్లు ఈ కంపులో ఉన్నా, పోయేటప్పుడన్నా మంచినీళ్ళలో పోతా."

ముప్పొద్దులా ఆమె అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక అడ్డు చెప్పే మనిషి మా నాయన. ఆరోజు సరే అన్నాడు. అట్లే అన్నాడు. మళ్ళీ ఇంకోసారి సరే అన్నాడు. తర్వాత లేచి పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత అమ్మ ఇల్లు మారదామని అడగలేదు. ఎవరైనా చూడటానికి వస్తే తలగడ కింద నుంచి ఆ ప్రింటు తీసి చూపించేది. మా పాప కంప్యూటర్లో చూసి చెప్పిందని, ఆ దిక్కంతటికీ మంచి నీళ్ళు మా వాగువేనని చెప్పేది. వచ్చినవాళ్ళు ఏమనాలో తెలియక నా వైపు చూసేవారు. నేను తలాడించేదాన్ని.

వేసవి ముదిరాక అమ్మ పోయింది.

దహనం హంద్రీ గట్టునే జరిగింది, అంతకన్నా దారి లేదు. మూడో రోజు పాలు చల్లి ఎముకలు ఏరి, బూడిదతో పాటు కొత్త కుండలో వేసి మూతికి గుడ్డ కట్టారు. ఆ కుండను ఇంట్లోకి తేకూడదు. శ్మశానంలో వేపచెట్టు కొమ్మకు వేలాడదీశారు. నాయన పొద్దున అంగడి తెరవబోయే ముందు, సాయంత్రం కట్టేశాక అక్కడికి పోయి కాసేపు నిలబడి వచ్చేవాడు. ఇంటికి రాగానే తలమీద నీళ్ళు పోసుకునేవాడు.

బంధువులు రకరకాలుగా చెప్పారు. ఇక్కడే తుంగభద్రలో హంద్రీ కలిసే చోట కలిపేస్తే పుణ్యమన్నారు. కాదంటే శ్రీశైలం ఉంది, కృష్ణలో కలిపితే ఇంకా మేలన్నారు. పేరు లేని వాగు కోసం అంత దూరం పోవడమేమిటని ఒక పెద్దాయన గట్టిగానే అడిగాడు. మాట ఇచ్చినా అన్నాడు నాయన. అంతకు మించి వాదించలేదు. ఆడపిల్ల ఇలాంటి వాటికి రాకూడదు అన్నప్పుడు మాత్రం, ఆ చుక్క ఎక్కడుందో దానికే తెలుసు, అది రాకుంటే నేనెట్ల పోయేది అన్నాడు. అందరూ దుఃఖంలో కూడా కొంచెం నవ్వారు.

బస్సులో కుండతో ఎక్కితే జనం ఇబ్బంది పడతారని జీపు మాట్లాడుకున్నాం. ఆఫీసులో అడిగి జీపీఎస్ తెచ్చుకున్నాను. నాయన కుండను ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేసి కూర్చున్నాడు. నంద్యాల దాటాక ఎండ కాల్చేస్తుంటే, తన పైపంచ తీసి కుండ మీద కప్పాడు. అది చూసి నాకు అంతవరకూ రాని ఏడుపు వచ్చింది.

రోడ్డు మీద బస్సు దిగి మా కోసం నిలబడి ఉన్న, మంత్రం చెప్పడానికి మాట్లాడుకున్న మైదుకూరు అయ్యవారిని ఎక్కించుకుని లోపలి దారి పట్టాం. దారి పొడుగునా కడప బండలు, విరిగిన పలకల గుట్టలు, రేకుల షెడ్లలో బండలు పాలిష్ పట్టే మిషన్ల రొద. చెట్ల ఆకుల మీద తెల్లని పొడి. నేను చిన్నప్పుడు వచ్చినప్పుడు ఈ షెడ్లు లేవు. మా ఇంటి నేల కూడా ఆ బండలే. అమ్మ రోజూ తడిబట్టతో తుడిచి మొహం కనపడేట్టు ఉంచేది. షెడ్లు చూస్తూ అదే గుర్తుచేసుకున్నాను గానీ ఇంకేమీ తోచలేదు.

వాగు గట్టున జీపు ఆగింది. జీపీఎస్ చూసుకుంటూ ముందు నడిచాను. చుక్క దగ్గరికి చేరామని అది చూపించింది. తల ఎత్తి చూశాను.

ఇసుక లేదు. ఇసుక ఉండాల్సిన చోటంతా ఎండి పెచ్చులు కట్టిన తెల్లని బురద. నడుమ ఒక పాయ పారుతోంది, గచ్చు చేయడానికి కలిపిన సిమెంటు నీళ్ళలాగా, బూడిద రంగులో, చిక్కగా. పైన షెడ్ల నుంచి వచ్చే కాలువలు అందులోకి దిగుతున్నాయి. నేను ఉపగ్రహం చిత్రంలో చూసి మంచి ఇసుక అనుకున్న తెలుపు ఇదే.

"ఇదేనా పాపా?" అన్నాడు నాయన.

ఇదే నాయనా అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అరిచి ఉన్నా బాగుండేది.

అప్పటికే, జీపు వచ్చిందని ఎవరో చెబితే, మా అత్త ఊళ్ళో నుంచి పరుగున వచ్చింది. కుండను చూసి కూలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, నేనే ఆ చుక్క సంగతి చెప్పాను. కొన్ని నెలల కింద ఒకాయన ఇక్కడ సీసాలో నీళ్ళు పట్టుకుపోయాడా అని అడిగాను. అత్తకు వెంటనే గుర్తుకొచ్చింది. గుర్తులేకుండా ఎలా ఉంటుంది, ఆ సీసా నింపింది ఆమే.

"ఎండలో పడి వచ్చినాడమ్మా పాపం. ఈ రొచ్చులోకి దిగబోతాంటే కాలు దిగబడతాది, ఈడనే నిలబడప్పా అని నేనే ఆపినా. సీసా ఇయ్యి, నేను నింపకొస్తానంటి. చేతిలో సీసా పట్టుకొని వచ్చిన మనిషికి ఈ పాలిష్ నీళ్ళు యాడ పోస్తాం? ఆ మలుపుకాడ నా చెలమలో నీళ్ళు, పైట అడ్డం పెట్టి వడగట్టి పోసిస్తి. శానా బాగుండాయి నీళ్ళు అని ఆయప్ప గూడా తాగిపాయ."

అంతే జరిగింది. అడగాల్సినవాడు ఏ నీళ్ళని అడగలేదు. ఆయనా ఈ సీమ మనిషే. చెలమలో చెయ్యి పెట్టకూడదు, ఆ ఇంటావిడ ముంచి ఇస్తే తీసుకోవాలి. చెట్టు నీడన నిలబడి జీపీఎస్‌లో చోటు రాసుకుని, ఆమె ఇచ్చిన సీసాకు మూత బిగించి, చీటీ అంటించి తెచ్చాడు. ల్యాబు వాళ్ళు ఆ సీసాలో ఏముందో అదే చెప్పారు. బాగున్నాయని వచ్చిన నీళ్ళను రెండోసారి ఎవరు పరీక్షిస్తారు? తప్పు ఎవరిదని నేను చాలా రోజులు వెతికాను. నా మీద వేసుకోవడానికి కూడా ప్రయత్నించాను, అదీ కుదరలేదు. అందరూ తమ తమ మర్యాద ప్రకారమే నడుచుకున్నారు. కోపం ఎవరి మీద చూపాలో తెలియకపోవడం కన్నా పెద్ద శిక్ష లేదు నాలాంటి మనిషికి.

ఆ తర్వాత మళ్ళీ నీళ్ళు తెప్పించి ఆ చుక్కను ఎర్రగా మార్చాం. పటం పోవాల్సిన చోటికి పోయింది. మిషన్లు ఆగలేదు. ఆ షెడ్లలో పనిచేసేవాళ్ళలో సగంమంది ఆ ఊరివాళ్ళే, అవి ఆగాలని వాళ్ళు కోరుకోలేదు. నేను ఇంకా కొన్నేళ్ళు అదే పని చేశాను. అదంతా తర్వాత. ఆ పొద్దు మాత్రం నాయన కుండ పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు, ఎండ నెత్తి మీదికి వచ్చింది.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నేను అత్తను అడిగాను, కొంచెం కటువుగానే. వదినెకు బాగలేదని తెలిశాక నీ వాగు ఇట్ల అయిందని ఎట్ల చెప్పంపేది అంది.

అత్త మమ్మల్ని మలుపు దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ నేల కాస్త ఎత్తుగా ఉండటంతో ఇసుక ఇంకా మిగిలింది. ఊరికి మిగిలిన చెలమలన్నీ ఆ కొంచెం చోటులోనే, దగ్గర దగ్గరగా. అత్త చెలమ చుట్టూ రాళ్ళు పేర్చి, ముళ్ళకంప అడ్డం వేసి ఉంది. కంప తీసింది. అడుగున నీళ్ళు, ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటగా.

"ఇందులో కలుపన్నా. ఇది మా అత్త తోడిన చెలమే, మా వదినె చిన్నప్పటి నుంచి తాగిందే. నేను ఇంకో పక్క తోడుకుంటా," అంది అత్త.

అక్కడికి బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు బిందెలు దించి నిలబడ్డారు. అత్త చెలమకు జానెడు దూరంలో వాళ్ళవి ఉన్నాయి. అన్నిటి అడుగునా ఊరేది ఒకే నీళ్ళు. వాళ్ళు వద్దని అనలేదు. మా ఊరి ఆడబిడ్డ అని తల వంచుకున్నారు. అయ్యవారు, పారే నీళ్ళలోనే కలపాలి, నిలిచిన నీళ్ళు పనికిరావు అన్నాడు. ఆయన శాస్త్రం కోసం అన్నాడో, ఆ ఆడవాళ్ళ మొహాలు చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నాయన చెలమ దగ్గర గొంతుకూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. ఆమె అడిగిన నీళ్ళు అవే. మాట ఇచ్చింది అవే నీళ్ళకు. చెయ్యి చాపితే అందుతాయి. కుండ మూతి గుడ్డ మీద ఆయన వేళ్ళు కదులుతున్నాయి. ఒక్క క్షణం విప్పేస్తాడనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, విప్పేయాలనే నేను కోరుకున్నాను. ఊరు ఏమైపోతే నాకేమి, మా అమ్మ అడిగింది అనుకున్నాను.

"తాగే నీళ్ళు గదమ్మా," అన్నాడు చివరికి. లేచి నిలబడ్డాడు.

పాయ దగ్గరికి తిరిగి వచ్చాం. నాయన పంచ పైకి కట్టి బురదలోకి దిగాడు. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఒక్కో కాలూ పీక్కుంటూ నీళ్ళు పారే చోటికి చేరాడు. అయ్యవారు గట్టు మీద నుంచే మంత్రం చెప్పాడు. నాయన గుడ్డ విప్పి కుండ వంచాడు.

ఇంతకు ముందు మా తాతను తుంగభద్రలో కలిపినప్పుడు చూశాను. నీళ్ళ మీద బూడిద తెల్లగా పరుచుకుని, ఒక దారి కట్టుకుని, కొంతదూరం మనకు కనపడుతూ పోతుంది. గట్టున నిలబడినవాళ్ళు చేతులు జోడించి ఆ దారినే చూస్తారు. ఎక్కడో అది నీళ్ళలో కలిసిపోతుంది, అప్పుడు వెనక్కి తిరుగుతారు. ఇక్కడ బూడిద బూడిద రంగు నీళ్ళలో పడింది. పడిన మరుక్షణం ఏదీ కనపడలేదు. నీళ్ళు ముందు ఎలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉన్నాయి. నాయన కుండ వంచి పట్టుకునే చుట్టూ చూశాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"పాపా, నీకేమన్నా కనపడ్తాందా? యాడికి పాయె మీయమ్మ?"

నాకు కనపడలేదు. ఏళ్ళ తరబడి నదులను చూడటమే పనిగా ఉన్నదాన్ని. లేదు నాయనా అన్నాను.

కుండ పగలగొట్టి ఆయన గట్టు ఎక్కాడు. మోకాళ్ళ దాకా ఆ బురద మెత్తినట్టు అంటుకుని ఉంది. ఎండకు అప్పుడే అంచుల్లో తెల్లబారుతోంది. కలిపి వచ్చినవాళ్ళకు కాళ్ళ మీద నీళ్ళు పోయడం ఆనవాయితీ. అత్త తన చెలమ నుంచి బిందె నింపుకుని వచ్చింది. పోయబోతే నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఉండమ్మా. కడగొద్దు. కొంచెం దీంట్లో ఉండాదేమో ఆమె."

అత్త బిందె చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. అయ్యవారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయన కాళ్ళ వైపు చూసుకున్నాడు, ఏది ఆమో ఏది మట్టో ఎవరికీ తెలియదు. బురద ఆరి చర్మం మీద బిగుస్తోంది. చాలాసేపటికి ఆయనే అడిగాడు, ఈ బిందెలోవి చెలమ నీళ్ళేనా అని. అత్త అవునంది.

నాయన ఇసుక మిగిలిన వైపు నడిచాడు. చెలమలకు బాగా కిందుగా, దూరంగా ఒక చోట ఆగి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడ్డాడు.

"పొయ్యమ్మా. నిదానంగా పొయ్యి," అన్నాడు.

అత్త బిందె వంచింది. తేటనీళ్ళు ఆయన మోకాళ్ళ మీద పడి, మట్టిని కరిగించుకుంటూ పాదాల మీదుగా ఇసుకలోకి దిగాయి. నాయన వంగి, ఒక్కో కాలూ అరచేత్తో రుద్దాడు, వేళ్ళ సందులు కూడా. బిందె అయిపోతే అత్త పోయి ఇంకో బిందె తెచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఒకామె తన బిందె కూడా తెచ్చి అక్కడ పెట్టింది. నేను నాయన పక్కన కూర్చుని చూశాను. నీళ్ళు ఇసుక మీద ఒక్క క్షణం నిలిచి, తెల్లగా మసకబారి, లోపలికి పోయాయి. అమ్మ అందులో ఎంత ఉందో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం మంచివే.